పరదేశపు టెన్నిక – మన కర్తవ్యము

2024వ సంవత్సరము నవంబరు 6వ తేదీ ఉదయమున ఉప్పల్ కూడలిలోను, నాచారము పారిశ్రామికవాడకు బోవు దారిలోని టీ దుకాణములలోను జరిగిన సంభాషణమంతయు నొక్క విషయమును గూర్చియే. పెన్సిల్వేనియా యెవరిది? జార్జియాలో నెన్ని వోట్లు లెక్కింపబడినవి? మిషిగన్ మాట యేమి? మెట్రోరైలులో నిలుచుండి ప్రయాణము చేయువారును, షిఫ్టునకు బోవు కార్మికులును, పింఛను పుచ్చుకొను వృద్ధులును తమతమ సెల్‌ఫోనులలో అమెరికాదేశపు పటమును జూచుచు, ఎఱుపెక్కడ, నీలమెక్కడ యని లెక్కవేయుచుండిరి. పూర్వము పంచాంగము చేతబట్టి గ్రహణకాలమును గుణించిన శ్రద్ధతో మనవారా దినమున 270 అను సంఖ్యను గుణించిరి. మధ్యాహ్నము దాటునప్పటికి డొనాల్డ్ ట్రంపుగారి విజయము స్పష్టమయ్యెను. తుదిలెక్కలో ఆయనకు 312, కమలా హారిసుగారికి 226 ఎన్నికగణపు వోట్లు లభించినవి.

ఈ దృశ్యమును జూచి నవ్విన పెద్దలు కొందఱు గలరు. “మనకు వోటు లేని యెన్నికతో మనకేమి పని? ఎవరు గెలిచిన మనకేమి?” అని వారి ప్రశ్న. మేమా పక్షమువారము కాము. ఉప్పల్, నాచారము, హబ్సిగూడ, రామంతాపురము కాలనీలలో అమెరికాయందు బిడ్డ లేక మేనల్లుడు లేని వీథి యరుదు. 2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలో జదువుచున్న భారతీయ విద్యార్థుల సంఖ్య 3,31,602. ఆ యేట అన్ని దేశములవారిలోను మనవారిదే మొదటి స్థానము. అందు తెలుగువారి పాలు కొలదికాదు. ఇంటిని తాకట్టుపెట్టి, బ్యాంకునుండి అప్పుదెచ్చి, కూతును కొడుకును సముద్రముల కావల బంపిన తండ్రికి ఆ దేశపు టధ్యక్షుడు చేయు సంతకము తన యింటి విషయమే. అట్టివాని యాసక్తిని వట్టి కుతూహలమని కొట్టివేయుట న్యాయముగాదు. చూచుట తప్పుగాదు. ఏమి చూచుచున్నాము, ఎట్లు చూచుచున్నాము, చూచి యేమి నేర్చుకొనుచున్నాము అనునవియే ప్రశ్నలు.

ఆ సంవత్సరపు ప్రచారమును మనవారు ఎట్లు చూచిరో జ్ఞప్తికి దెచ్చుకొందము. 2024 జూన్ నెలలో ట్రంపుగారు అంతర్జాలమున ప్రసారమైన యొక సంభాషణయందు, అమెరికా కళాశాలలో పట్టము పుచ్చుకొన్న విదేశ విద్యార్థికి పట్టముతోపాటు గ్రీన్‌కార్డు తనంత తానే లభింపవలెనని పలికిరి. ఆ నిమిషముపాటు చిత్రము మన యిండ్లలో చేతినుండి చేతికి బోయినది. వధూవరుల సంబంధములు చూచు పెద్దలు కూడ దానిని లెక్కలోనికి దీసికొనిరని చెప్పిన నతిశయోక్తిగాదు. కాని కొలది దినములలోనే ఆయన ప్రచారకార్యాలయమువారు, అది యందఱికిని గాదనియు, కఠినమైన పరీక్షకు నిలిచిన కొందఱికే యనియు వివరణ మిచ్చిరి. మొదటి మాట పదియిండ్లకు జేరగా ఈ రెండవ మాట యొక యింటికైన జేరెనో లేదో!

జూలై 15వ తేదీన ఉపాధ్యక్షపదవికి జె. డి. వాన్సుగారి పేరు ప్రకటింపబడెను. ఆయన భార్య ఉషగారు చిలుకూరివారి యాడపడుచు; సాన్‌డీగో నగరమున జన్మించినను, ఆమె పూర్వులది పశ్చిమ గోదావరి జిల్లాలోని వడ్లూరు. ఈ వార్త విని తెలుగువారు సంతసించుట సహజము. పదిమంది మెచ్చిన చోట మన యింటిపేరు వినబడిన నెవ్వరికి గర్వము గలుగదు? కాని యా గర్వము వెనువెంటనే యాశగా మాఱినది. “మన యాడపడుచు శ్వేతభవనమున కంత సమీపమున నుండగా మన బిడ్డల వీసాలకేమి కొఱత?” అని యనుకొన్నవారు మనలో ననేకులు. రాజ్యతంత్రము చుట్టరికములను బట్టి నడచునది గాదని మన చరిత్రయే మనకు వేయివిధముల నేర్పియుండగా, ఆ పాఠమును మఱచితిమి.

తరువాత జరిగినదేమి? 2025 మే నెల 27వ తేదీన విద్యార్థివీసాల కొఱకు క్రొత్తగా ముఖాముఖి తేదీల నిచ్చుట నిలిపివేయబడెను. జూన్ 18వ తేదీన అభ్యర్థుల సోషల్ మీడియా ఖాతాలను పరిశీలించు క్రొత్త నిబంధనతో మఱల నారంభమయ్యెను. సెప్టెంబరు 19వ తేదీన హెచ్-1బి వీసా క్రొత్త దరఖాస్తులపై లక్షడాలర్ల రుసుమును విధించుచు అధ్యక్షప్రకటన వెలువడెను. అందులో చుట్టరికమును లేదు, గ్రీన్‌కార్డు వాగ్దానమును లేదు. ప్రచారకాలమున వినబడిన మాట వేఱు, అధికారముననుండి వెలువడిన కాగితము వేఱు.

ఆ సెప్టెంబరు రాత్రి మన కొక గొప్ప పాఠము నేర్పినది. లక్షడాలర్లు ప్రతిసంవత్సరము చెల్లింపవలెనని మొదట నమెరికా వాణిజ్యమంత్రి నోటనే వినబడెను. ఇప్పటికే వీసా గలవారును చెల్లింపవలెనని, దేశమునకు వెలుపలనున్నవారు ఇరువదినాలుగు గంటలలో తిరిగి చేరవలెనని వాట్సాపులో వార్తలు బయలుదేరెను. సెలవుమీద వచ్చినవారు పెండ్లిండ్లను విడిచి, ముసలి తల్లిదండ్రులను విడిచి, ఎంత ధరయైనను బెట్టి టిక్కెట్లు కొని విమానములెక్కిరి. బయలుదేరబోవు విమానములనుండి దిగిపోయినవారును గలరు. మఱునాడు శ్వేతభవనమువారు స్పష్టము చేసిరి: ఆ రుసుము ఏటేట చెల్లించునదికాదు, ఒక్కమాఱు చెల్లించునది, క్రొత్త దరఖాస్తులకే గాని యున్న వీసాదారులకు వర్తింపదు. మంత్రియే తడబడినచోట సామాన్యుని దోషమేమి యందురా? దోషము లేదు. కాని ప్రకటన పాఠము శ్వేతభవనపు వెబ్‌సైటులో నుండెను. వాట్సాపు వార్తను నమ్మి పరుగెత్తుటకుముందు ఆ పాఠమును చదివి, ఎఱిగిన న్యాయవాదిని సంప్రదించినవారికి గొంత యూరట దొరకినది. మూలపత్రమును చదువుటకును, దానిని గూర్చి యెవరో చెప్పినదానిని వినుటకును గల భేదమెంతటిదో ఆ యొక్కరాత్రి తేటపడెను.

ఎన్నికల విషయమున జనశ్రుతి దెబ్బతినుట నేటి వింతగాదు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్టు అను ప్రసిద్ధపత్రిక కోటిమందికి కార్డులు పంపి, ఇరువదిలక్షలకు మించిన ప్రత్యుత్తరములు కూర్చి, రూజ్వెల్టు ఓడుననియు లాండను గెలుచుననియు చాటెను. నలువదియెనిమిది రాష్ట్రములలో రెండుదక్క తక్కినవన్నియు రూజ్వెల్టుకే దక్కెను. కార్డులు చేరినవారు టెలిఫోనును మోటారుకారును గల భాగ్యవంతులలో నెక్కువ. ప్రత్యుత్తరము వ్రాసినవారు కోపమున్నవారిలో నెక్కువ. సంఖ్య పెద్దదైనంత మాత్రమున సత్యము కానేరదు. 1948లో చికాగో ట్రిబ్యూను పత్రిక ట్రూమను ఓడెనని తొందరపడి పెద్దయక్షరములతో నచ్చువేయగా, గెలిచిన ట్రూమనుగారే యా పత్రికను చేతబట్టి నవ్వుచు ఛాయాపటము దీయించుకొనిరి. పత్రికానిర్వాహకులమైన మేమీ యుదాహరణమును సిగ్గుతోనే యుదహరించుచున్నాము. అచ్చుపడినదెల్ల నిజముగాదని మా వృత్తియే యొప్పుకొనవలసియున్నది.

అంతర్జాలము వచ్చి ఈ వ్యాధిని దీర్చలేదు. వేగమును మాత్రము పెంచినది. 1996లో అభ్యర్థి బాబ్ డోలుగారు సంవాదసభలో తన వెబ్‌సైటు పేరును జెప్పబోయి యొక చుక్కను విడిచిరి. అప్పటికి అంతర్జాలము ప్రచారమునకు పెరటిచెట్టు మాత్రమే. 2004లో హొవార్డ్ డీన్‌గారును, 2008లో బరాక్ ఒబామాగారును దానిద్వారా చిన్నచిన్న విరాళములను లక్షలమందినుండి కూర్చి చూపిరి. 2024 జనవరిలో న్యూహాంప్‌షైరు రాష్ట్రపు ప్రాథమికపుటెన్నికకు రెండు దినములముందు, అధ్యక్షుడు బైడెనుగారి గొంతును యంత్రముచే గల్పించి, వోటు వేయవలదని చెప్పు టెలిఫోను సందేశమును వేలమంది వోటర్ల యిండ్లకు బంపిరి. దానిని చేయించిన ప్రచారసలహాదారునకు అరువదిలక్షల డాలర్ల జుల్మానా విధింపబడెను. ఒకప్పుడు మాటను మాత్రమే కల్పించెడివారు. నేడు గొంతును, ముఖమును గూడ గల్పింపగలరు. “నా చెవులార వింటిని, నా కన్నులార చూచితిని” అను సాక్ష్యము కూడ నేడు చాలదు.

అయినను అంతర్జాలము తెచ్చినది కీడు మాత్రమే యనుట కృతఘ్నత. అమెరికా యెన్నికలలో మనము నిజముగా జూడదగిన వస్తువు ఎఱుపు నీలముల పటము గాదు. ఫెడరల్ ఎలక్షన్ కమీషనువారి లెక్కలపుస్తకము. 1971, 1974 సంవత్సరముల శాసనముల ఫలితముగా నేర్పడిన యా కమీషను, అధ్యక్షాభ్యర్థికి వచ్చిన సొమ్మునంతను లెక్కలోనికి రప్పించును. రెండువందల డాలర్లకు మించి యిచ్చిన ప్రతిదాత పేరు, ఊరు, వృత్తి, పనిచేయు సంస్థ అందు నమోదగును. ఎక్కడ గూర్చుండియైనను, నాచారములో గూర్చుండియైనను, ఎవడైన నది తెఱచి చూడవచ్చును. 2024లో ఎలాన్ మస్కుగారు ఇరువదియైదుకోట్ల డాలర్లకు పైగా వ్యయముచేసిరని లోకమునకు దెలిసినది ఈ లెక్కలవలననే. అక్కడను లోపములు లేకపోలేదు. 2010నుండి కొన్ని సంఘములు పరిమితిలేకుండ ధనము గూర్చుటకు న్యాయస్థానములు వీలిచ్చెను. కొన్ని దారులలో దాత పేరు తెలియనేరదు. అయినను ఎవరి సొమ్ముతో ఎవరు మాటాడుచున్నారని యడుగుట పౌరుని హక్కని యా దేశమున నంగీకరింపబడినది.

ఇక్కడ నొక హెచ్చరిక చేయుట మా విధి. విదేశీయులు అమెరికా యెన్నికలకు విరాళమిచ్చుట యా దేశపు శాసనముచే నిషిద్ధము. అక్కడ చదువుచున్న విద్యార్థికిని, తాత్కాలికోద్యోగము చేయువానికిని ఆ నిషేధము వర్తించును. పౌరసత్వమో గ్రీన్‌కార్డో గలవారే యీయవచ్చును. అభిమానముకొలది యిరువది డాలర్లు పంపిన నేమగునని బిడ్డలు తలంచినయెడల తల్లిదండ్రులు వారింపవలెను.

సరే, పరుల లెక్కలపుస్తకమును జూచితిమి. మన పుస్తకమేది? అట్టిది మనకు లేదని యనేకులు తలంచుచున్నారు. లేకపోలేదు, తెఱచి చూచువారు తక్కువ. 2002 మే 2వ తేదీన సుప్రీంకోర్టువారిచ్చిన తీర్పువలన, పార్లమెంటునకుగాని శాసనసభకుగాని నిలుచు ప్రతియభ్యర్థి తనపైగల క్రిమినల్ కేసులను, తన యాస్తిని, అప్పును, విద్యను ప్రమాణపత్రమున వ్రాసి యీయవలసియున్నది. 2003లో మఱియొక తీర్పు ఈ హక్కును స్థిరపఱచెను. ఆ పత్రము లన్నియు భారత యెన్నికల కమీషనువారి వెబ్‌సైటులో గలవు. ఫలితము ప్రకటింపబడిన ముప్పదిదినములలో అభ్యర్థి తన వ్యయపులెక్కను దాఖలుచేయవలెను. మనవంటి పెద్దరాష్ట్రములలో శాసనసభాభ్యర్థి వ్యయపరిమితి 2022నుండి నలువదిలక్షల రూపాయలు. లోక్‌సభకు తొంబదియైదు లక్షలు. ఉప్పల్ వీథులలో ప్రచారమును స్వయముగా జూచినవారు ఆ లెక్కను జదివి, తాము జూచినదానితో సరిపోల్చుకొనవచ్చును. పార్టీలు చేయు వ్యయమునకు మాత్రము పరిమితియే లేదు.

2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఎన్నికల బాండ్లు రాజ్యాంగవిరుద్ధములని కొట్టివేసినది మన చరిత్రలో ముఖ్యఘట్టము. 2018నుండి కంపెనీలు పేరు తెలియకుండ పార్టీలకు ధనమిచ్చుటకు వీలుగా నా బాండ్లు సాగినవి. ధనమిచ్చిన వాడెవడో తెలిసికొనుట వోటరు హక్కని కోర్టువారు చెప్పిరి. మార్చి నెలలో ఆ జాబితాలు ఎన్నికల కమీషను వెబ్‌సైటులోనికి వచ్చినవి. 2019 ఏప్రిలునుండి కొన్న బాండ్ల జాబితాలో రెండవ పెద్దదాత మన హైదరాబాదు కేంద్రముగాగల సంస్థయే! ఈ సంగతి ప్రచురింపబడిన వారములలో మన టీ దుకాణములలో జరిగిన చర్చ యెంత? పెన్సిల్వేనియాను గూర్చి జరిగినదానిలో నాలవవంతైన జరిగెనా? పొరుగింటి పుల్లకూర రుచి యనుట యిందుకే.

కొంద ఱిట్లందురు: “అమెరికాలో దేశాధ్యక్షుని జనులు వోటువేసి యెన్నుకొందురు గనుక నచ్చటి ప్రచారము రసవత్తరము, మన రాష్ట్రపతిని మన మెన్నుకొనుటలేదు గదా!” ఇది సగము సత్యము. అమెరికావాసియు నేరుగా నెన్నుకొనుట లేదు. 538 మంది యెన్నికగణమువారిని ఎన్నుకొనును. అందు 270 మంది యే పక్షమునకు గలుగుదురో యా పక్షపువాడు గెలుచును. మన రాష్ట్రపతిని ఎన్నుకొనుటకును ఒక గణము గలదు. పార్లమెంటు సభ్యులును, శాసనసభల సభ్యులును ఆ గణమువారు. తెలంగాణ శాసనసభ్యుని వోటు విలువ 132. ఆంధ్రప్రదేశ్ సభ్యునిది 159. ఈ విలువలు 1971 జనాభాలెక్కను బట్టి గుణింపబడినవి. 2022లో ద్రౌపది ముర్ముగారి యెన్నికయందు ఒక్కొక్క పార్లమెంటు సభ్యుని వోటు విలువ 700. ఆ వోటు రహస్యము. పార్టీలు విప్పు జారీచేయుటకు వీలులేదు.

ఆ రహస్యమునకు గల బలమును దేశమునకు జూపినవారు తెలుగువారే. 1969లో నీలం సంజీవరెడ్డిగారు, వి. వి. గిరిగారు రాష్ట్రపతి పదవికి బోటీచేసిరి. ఒకరిది అనంతపురము జిల్లా. వేఱొకరు బరంపురమున జన్మించిన తెలుగువారు. పార్టీ యభ్యర్థి రెడ్డిగారు, స్వతంత్రాభ్యర్థి గిరిగారు. మొదటి లెక్కలో నెవరికిని చాలినన్ని వోట్లు రాక, రెండవ ప్రాధాన్యమును గూడ లెక్కింపవలసివచ్చెను. తుదకు గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 విలువగల వోట్లు లభించినవి. దేశము ఊపిరిబిగబట్టి చూచిన యెన్నిక అది. ప్రతి శాసనసభ్యుని మనస్సాక్షికిని అప్పుడు విలువ గలిగినది.

ముర్ముగారి పదవీకాలము 2027 జూలైతో ముగియును. తరువాతి రాష్ట్రపతి యెన్నికలో 2023లో నేర్పడిన మన శాసనసభవారు వోటువేయవలసియుందురు. ఉప్పల్ నియోజకవర్గమున 2023లో వోటర్లు అయిదులక్షలకు పైబడిరి. పోలింగునకు వచ్చినవారు సుమారు సగముమంది. అనగా, రాష్ట్రపతిభవనపు ద్వారమువఱకు బోవు 132 విలువగల యా వోటును నిర్ణయించినవారు మన యిరుగుపొరుగులో సగముమందే. తక్కినవారు ఇంట గూర్చుండిరి. వారిలో నెందఱో 2024 నవంబరులో పెన్సిల్వేనియా లెక్కను నిదురమాని చూచియుందురు!

ఇది యొక్క యెన్నిక కథగాదు. ఉప్పల్, నాచారములు చేరియున్న మల్కాజిగిరి లోక్‌సభ నియోజకవర్గము వోటర్లసంఖ్యలో దేశమునకే పెద్దది. అయినను 2019లోను, 2024లోను అక్కడ పోలయిన వోట్లు నూటికి సుమారు ఏబది మాత్రమే. 2020 డిసెంబరు 1వ తేదీన జరిగిన హైదరాబాదు నగరపాలకసంస్థ యెన్నికలలో నూటికి నలువదియేడైనను రాలేదు. 2024లో అమెరికాలో వోటుహక్కు గలవారిలో నూటికి సుమారు 64 మంది వోటువేసిరి. పరదేశపు లెక్కను కంఠస్థము చేసిన మనకు ఈ లెక్క బాధ కలిగింపవలదా?

వోటువేయనివారందఱును సోమరులని మేము నిందింపము. మన ప్రాంతము వలసవచ్చినవారితో నిండినది. నల్లగొండ, వరంగల్లు, మహబూబునగరములనుండి వచ్చి ఉప్పల్, నాచారము, మల్లాపురము, చిలకానగరములలో గాపురమున్నవారిలో పలువురి వోటు నేటికిని ఊరిలోనే యున్నది. అద్దెయిల్లు మాఱినపుడెల్ల జాబితాలో పేరు మాఱదు. చనిపోయినవారి పేర్లు నిలిచియుండగా బ్రతికినవారి పేర్లు కనబడని జాబితాలను మన మెఱుగుదుము. అట్టి జాబితాను బట్టి కట్టిన నూటిలెక్క కొంత తప్పు కావచ్చును. కాని దీనికి మందు కూడ మన చేతిలోని సెల్‌ఫోనులోనే గలదు. క్రొత్తగా పేరు చేర్చుటకు 6వ ఫారము. పేరు తీసివేయుటకు 7వది. చిరునామా మార్చుటకు, తప్పుదిద్దుటకు 8వది. 2022నుండి సంవత్సరమునకు నాలుగుమాఱులు, జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మొదటితేదీలను బట్టి, పదునెనిమిదేండ్లు నిండినవారు చేరవచ్చును. అమెరికా వీసాకు దరఖాస్తు నింపుటలో మనకుగల యోర్పులో పదవవంతు ఈ ఫారములకు జాలును.

దీనివలన నేమి ప్రయోజనమందురా? ఉప్పల్ కూడలినుండి నారపల్లివఱకు వరంగల్లు దారిమీద కట్టవలసిన పైవంతెనను జూడుడు. 2018లో దానికి శంకుస్థాపన జరిగినది. 2025 ముగియునాటికిని అది పూర్తికాలేదు. ఆ యేడేండ్లలో వానకాలమున బురదలోను, ఎండకాలమున దుమ్ములోను, కనబడని గుంటలలోను ఆ దారిన బోయినవారి కష్టమును వర్ణింప నవసరములేదు. పాఠకులలో ననేకులు నిత్యము దానిని ననుభవించినవారే. ఆ కాలములో రెండు శాసనసభ యెన్నికలును, రెండు లోక్‌సభ యెన్నికలును, ఒక నగరపాలక యెన్నికయు జరిగినవి. వోటడుగ వచ్చినవారిని, “ఈ పనికి గుత్తదారు ఎవరు? గడువెప్పటికి? ఆలస్యమునకు కారణమేమి? వ్రాసి యిండు” అని ఎన్ని కాలనీసంఘములవా రడిగిరి? సగముమంది వోటువేయనిచోట అడుగువాడు బలహీనుడు. ఉత్తరము చెప్పవలసినవాడు నిశ్చింతుడు.

ఒకప్పుడు మన నగరమున వోటే లేదు. నిజాముపాలనలో సభ జరుపుకొనవలెనన్నను అనుమతి కావలెను. గస్తీనిషాన్ 53 అను నుత్తరువు మన పెద్దలనోళ్లు కట్టివేసినది. ఆ కాలమున వారేమి చేసిరి? పుస్తకమును, పత్రికను ఆశ్రయించిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది. 1926లో గోలకొండపత్రిక పుట్టినది. ఊరూర గ్రంథాలయములు తలయెత్తినవి. ఒకడు పత్రికను జదువగా పదిమంది వినెడివారు, లోకవృత్తాంతమంతయు వినెడివారు. ఐరోపాలోని యుద్ధమును, పరదేశపు స్వాతంత్ర్యసమరమును విని, వారు ఊరక సంతోషించి యిండ్లకు బోలేదు. “మన కెందుకు లేదు?” అని యడిగిరి. దూరపు వార్త వారికి దగ్గరి పనిని నేర్పినది. 1948 సెప్టెంబరు దాటి, తొలి సార్వత్రికపుటెన్నికలలో వారు వోటువేసినది ఆ చదువు ఫలమే. చేతిలో లోకమంతయు నిమిడిన యంత్రమును బట్టుకొన్న మనము ఆ పఠనమందిరపు తాతలకంటె తక్కువ నేర్చుకొనవలెనా?

కావున ఉప్పల్, నాచారములలోని గ్రంథాలయములవారికిని, కాలనీసంఘములవారికిని, పింఛనుదారుల సంఘములవారికిని మేము నాలుగు సూచనలు చేయుచున్నాము. మొదటిది: పరదేశపు టెన్నికనైనను, స్వదేశపు టెన్నికనైనను గూర్చి వచ్చిన వార్తను మఱియొకరికి బంపకముందు మూలపత్రమేదో వెదకుడు, మూలము దొరకనిచో నా వార్తను మీతోనే నిలుపుడు. రెండవది: ఎన్నికకుముందు మన నియోజకవర్గపు టభ్యర్థు లందఱి ప్రమాణపత్రములను అచ్చువేయించి, పక్షపాతములేక ఒకే బల్లపై నుంచుడు, ఆంగ్లము రానివారికి తెలుగులో జదివి వినిపింపుడు. మూడవది: వోటర్లజాబితాలోని మీ వీథిపుటను దీసి, ఇంటింట సరిచూచి, తప్పులకు ఫారములు నింపించుడు. అమెరికాకు దరఖాస్తులు నింపుటయం దారితేఱిన మన యువకు లీ పనికి జక్కగ దగుదురు. నాలవది: గెలిచినవా రిచ్చిన వాగ్దానములను తేదీలతో వ్రాసిపెట్టుడు, ఏడాదికొకమాఱు వారిని పిలిచి, ఆ కాగితమును వారి ముందుంచుడు.

అమెరికాలోనున్న మన బిడ్డలకును ఒకమాట. ఎన్నికలనాడు మీ తండ్రికి ఫోనుచేసి, “నాన్నా, ఇచ్చట ఫలితమేమగునో” యని మాటాడుచున్నారు, సంతోషము. ఉప్పల్‌లో ఎన్నికలనాడును ఫోనుచేసి, “నాన్నా, వోటు వేసితిరా?” అని యడుగుడు. బిడ్డమాట తండ్రికి పార్టీమాటకంటె బలవత్తరము.

2028 నవంబరులో అమెరికావారు మఱల నధ్యక్షు నెన్నుకొందురు. ఆ యుదయమున ఉప్పల్ కూడలిలో మఱల నదియే సంభాషణ జరుగును. జరుగవలదని మే మనము. కాని యంతకుముందే 2027లో మన శాసనసభ్యుడు రాష్ట్రపతిని ఎన్నుకొనుటలో పాల్గొనవలసియున్నది. 2028లోనే మనము క్రొత్త శాసనసభ్యు నెన్నుకొనవలసియున్నది. ఇంట గెలిచి రచ్చ గెలువుమని పెద్దలు చెప్పిరి. పెన్సిల్వేనియా లెక్క తెలిసిన ప్రతివాడును తన పోలింగుకేంద్రపు సంఖ్యను గూడ నెఱిగియుండునట్లు మన పఠనమందిరములు పూనుకొనుగాక.